తోలు కప్పిన పిల్ల

చచ్చిపోయిన గుర్రప్పిల్ల తోలును బతికున్న పిల్ల వీపు మీద కట్టడం పూర్తయ్యాక డాక్టర్ శ్యామ్ బకెట్లో చేతులు కడుక్కుంటూ, "ఇంక తల్లి ముక్కును మనం ఏమార్చాలి, అంతే" అన్నాడు.

హరిత ఉలిక్కిపడి పక్కకు చూసింది. వీరలక్ష్మి అప్పటికే ఆమె వైపు చూస్తోంది. ఇద్దరూ ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

నార్సింగిలో హరిత అన్న శివశంకర్‌కి కొంత స్థలం ఉంది. అపార్టుమెంటుకి అనుమతులు వచ్చేదాకా ఖాళీగా ఎందుకని అందులో రేకుల షెడ్డు వేసి రెండు గుర్రాలను పెట్టాడు. ప్రొద్దుటూరులో తమ తాత గుర్రమెక్కి తిరిగేవాడని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. హరితకు గుర్తున్నంతవరకు తాత సైకిలు తొక్కేవాడు, అదీ అరువు సైకిలు. ఆ రెండు గుర్రాల్లో బిజిలీ అనే ఆడగుర్రం ఆ శనివారం తెల్లవారుజామున చచ్చిన పిల్లను ఈనింది. గండిపేట వైపు ఒక స్వారీ బడిలో ఇంకో గుర్రం పిల్లను కని, కడుపునొప్పితో కన్నుమూసింది. రెండుచోట్లా వైద్యం చేసేది శ్యామే. తల్లిలేని పిల్లను బండిలో వేసుకుని పిల్లలేని తల్లి దగ్గరికి తెచ్చాడు.

ప్రతి శనివారం గుర్రాలు చూపించడానికి రసజ్ఞను హరిత అక్కడికి తీసుకొస్తుంది. రసజ్ఞ ఆమె భర్త వెంకట్ కూతురు, మొదటి భార్య భానుశ్రీకి పుట్టింది. పిల్లకు రెండేళ్ళు నిండకుండానే భానుశ్రీ జ్వరంతో పోయింది. భానుశ్రీ తల్లే వీరలక్ష్మి. అప్పుడు తణుకు నుంచి వచ్చి నల్లగండ్ల ఫ్లాట్‌లో మనవరాలిని సాకుతూ ఉండిపోయింది. వెంకట్ హరితను పెళ్ళి చేసుకున్నాక కూడా ఉంది. ఇన్నాళ్ళలో ఎప్పుడూ షెడ్డుకి రాని మనిషి ఇవాళ కారు తలుపు తీసుకుని, "నేనూ వస్తానమ్మాయ్" అని కూర్చుంది. ఎందుకొస్తున్నానో చెప్పలేదు. హరిత అడగలేదు.

హరిత పని హైటెక్ సిటీలో ఒక బ్యాంకు సాంకేతిక కార్యాలయంలో. ఎవరి ఖాతాలోంచి ఎవరు డబ్బు కాజేస్తున్నారో కనిపెట్టడం. అసలు ఖాతాదారు తడబడతాడని, పాస్‌వర్డు తప్పు కొడతాడని, విసుక్కుంటాడని ఆ పని ఆమెకు నేర్పింది. దొంగ తడబడడు. అన్నీ సక్రమంగా ఉన్నచోటే ఆమె ఆగి చూస్తుంది. ఆ అలవాటును ఇంటికి తీసుకురాకూడదనుకుంది గానీ, అలవాటు చెప్పులు కాదు కదా గుమ్మం దగ్గర విడవడానికి.

వీరలక్ష్మి ఎప్పుడూ తడబడలేదు. పెళ్ళినాడే హరిత చేయి పట్టుకుని "నన్ను అమ్మా అని పిలువు" అంది. కూరలో మంచి ముక్క హరిత కంచంలో వేస్తుంది. చుట్టాల ముందు "మా రెండో అమ్మాయి" అంటుంది. ఒక్క పుల్లవిరుపు మాట లేదు. కూతురు స్థానంలోకి వచ్చిన మనిషి మీద ఏ తల్లికైనా ఎక్కడో ఒకచోట మంట ఉండాలి. అది కనపడటం లేదంటే లేనట్టు కాదు, దాచినట్టు.

ఉగాది రోజున భోజనాల దగ్గర వీరలక్ష్మి ఒక మాట అంది. "శ్రావణం వచ్చేదాకా చూస్తాను బాబూ. పాప హరితకి అలవాటు పడితే నాకంతకంటే ఏం కావాలి? పడకపోతే మాత్రం నాతో తణుకు తీసుకెళ్ళిపోతాను. తను ఎవరి చేతుల్లో పెరుగుతోందో చంటిదానికి తెలియాలి గదా." వెంకట్ తల ఊపాడు. హరిత కూడా ఊపింది. మాటలో వంక పెట్టడానికేమీ లేదు. ఆ రాత్రి నుంచి ఆమెకు సరిగా నిద్ర లేదు.

రసజ్ఞ హరితను ఏడిపించేది కాదు. అదే బాధ. అన్నం పెడితే తినేది, జడ వేస్తే వేయించుకునేది. పడుకునేటప్పుడు మాత్రం పక్కలో ఆమె ఉంటే లేచి అమ్మమ్మ దగ్గరికి పోయేది. పేరు పెట్టి "హరితా" అనేది, నాన్న పిలిచినట్టే.

ఒకరోజు స్నానాలగది అల్మరాలో వెనక మూలన హరితకు గాజుసీసా ఒకటి దొరికింది. మందారం, మెంతులు, కచ్చూరాలు వేసి కాచిన కొబ్బరినూనె. భానుశ్రీ తలకు రాసుకునేదని అడక్కుండానే అర్థమైంది. ఎందుకో కొంచెం తీసి చెవుల వెనక రాసుకుంది. ఆ మధ్యాహ్నం రసజ్ఞ కళ్ళు మూసుకునే పాకుతూ వచ్చి, ఆమె మెడలో ముఖం దూర్చి నిద్రపోయింది. ఆ పిల్ల ఊపిరి చర్మానికి తగులుతుంటే హరితకు కలిగింది సంతోషం కాదు. దొరికిపోతానన్న భయం.

అప్పటి నుంచి పాప పడుకునే ముందు రోజూ రాసుకుంటూనే ఉంది. ఆఫీసుకు వెళ్ళేముందు షాంపూతో కడిగేసేది. సీసాలో నూనె అయిపోవాల్సింది, అయిపోలేదు. ఎవరో నింపుతున్నారు. ఆ ఇంట్లో నూనె కాచడం వచ్చింది ఒక్కరికే. తన కార్యాలయంలో దొంగల కోసం వాళ్ళే కొన్ని ఎర ఖాతాలు తెరిచి ఉంచుతారు. అలవాటు పడ్డవాడు మళ్ళీ మళ్ళీ వస్తాడు, చివరకు చేతికి చిక్కుతాడు. సీసా కూడా అలాంటిదేనని హరిత నిర్ధారించుకుంది. తెలిసీ మానలేకపోయింది. మానితే పాప మెడ వదిలేస్తుంది. మానకపోతే శ్రావణంలో వీరలక్ష్మి ఈ సంగతి బయటపెడుతుంది: నా కూతురి వాసన దొంగిలించి పిల్లను మభ్యపెట్టింది, ఇది తల్లి కాదు.

ఇవన్నీ మనసులో ఉన్న మనిషి షెడ్డు కంచె పట్టుకుని నిలబడి ఉంది.

శ్యామ్ బిజిలీ ముక్కురంధ్రాల్లో విక్స్ పూశాడు. గుర్రం పైపెదవి పైకి మడిచి తుమ్మింది. గుర్రాలను చూసుకునే సాయీసు ఎల్లేశం దాని తల తాడు పట్టుకుని నిలబడ్డాడు. తోలు కప్పిన పిల్ల నాలుగు కర్రల మీద నిలబెట్టిన మంచంలా ఊగుతూ, పాలు ఎక్కడుంటాయో తెలియక ముందుగా గోడను నాకింది. తర్వాత గుర్రం ముందుకాళ్ళ మధ్య వెతికింది. తర్వాత ఎల్లేశం మోకాలి దగ్గరికి వచ్చింది.

"నా కాడ ఏమున్నది బిడ్డా, నేను తాగొచ్చినోణ్ణి కూడ కాదు. అటు పో" అన్నాడు ఎల్లేశం.

"నీ మొగం జూసి అమ్మనుకునిందిరా" అన్నాడు శివశంకర్.

"మొగం జూసి కాదు సార్, వాసన జూసి. మూడు దినాలాయె తానం చేయక."

రసజ్ఞ కంచె కమ్మీల మధ్య తల పెట్టి చూస్తోంది. "అమ్మమ్మా, గుర్రప్పిల్లకి చొక్కా ఎందుకేశారు?"

"చలేస్తుంది కదమ్మా, వాన పడుతోంది" అంది వీరలక్ష్మి.

ఎంత నున్నగా అబద్ధమాడింది, అనుకుంది హరిత.

బిజిలీ మెడ వంచి పిల్ల తోక దగ్గర వాసన చూసింది. విక్స్ ఘాటులోంచి, చచ్చిన తన పిల్ల తోలులోంచి ఏదో లీలగా అందినట్టుంది. చాలాసేపు అక్కడే ముక్కు ఆనించి ఉంచింది. అప్పుడు దాని గొంతు లోపల్నుంచి సన్నని గురగుర వచ్చింది. బయటి గుర్రాలను పిలిచే సకిలింపు కాదు, దగ్గర ఉన్నదానికి మాత్రమే వినపడే శబ్దం. పిల్ల తడుముకుంటూ పొదుగు అందుకుంది.

శివశంకర్ ఊపిరి వదిలాడు. వీరలక్ష్మి కొంగుతో కళ్ళు ఒత్తుకుని డాక్టర్‌ని అడిగింది. "ఎన్నాళ్ళు కప్పి ఉంచుతారు బాబూ?"

"సోమవారం దాకా చాలమ్మా. ఈ వానకి తోలు కుళ్ళిపోతుంది. ఆలోపు ఈ గుర్రం పాలే తాగి, ఆ పాల వాసనే పిల్ల ఒంట్లోంచి వస్తుంది."

"తీసేశాక కనిపెట్టేస్తేనో?"

"కనిపెడుతుందమ్మా. తన్నుతుందా, ఊరుకుంటుందా అన్నది దాని ఇష్టం."

"అయితే మోసమే గదా."

"మోసమే. కానీ పిల్ల ఆకలి మోసం కాదు కదా."

హరితకు ప్రతి ప్రశ్నా డాక్టర్ భుజం మీదుగా తన మీదికే వస్తున్నట్టు అనిపించింది. ఆ కన్నీళ్ళెందుకో మాత్రం తేల్చుకోలేకపోయింది. తిరిగి వెళ్తుంటే కారు అద్దంలో వెనక సీటు కనపడింది. వీరలక్ష్మి ఒళ్ళో పాప నిద్రపోతోంది. వీరలక్ష్మి అద్దంలోకే చూస్తోంది.

"సోమవారం తోలు తీస్తారటగా. నేనూ వస్తానమ్మాయ్."

"ఎందుకమ్మా, బురదలో మీకు ఇబ్బంది."

"చూడాలి" అంది వీరలక్ష్మి.

ఆదివారం మధ్యాహ్నం హరిత నూనె రాసుకుని పాప పక్కన పడుకుంది. పాప మెడలో ముఖం దూర్చింది. కాసేపటికి అలవాటు ప్రకారం గుమ్మం దగ్గర అడుగు చప్పుడు వినిపించింది. కొన్ని నెలలుగా ఇదే తంతు. వీరలక్ష్మి వస్తుంది, ఏమీ అనదు, నిలబడుతుంది, పోతుంది. హరిత ఎప్పుడూ గోడవైపు తిరిగి నిద్ర నటిస్తుంది. ఈసారి ఇటే తిరిగి పడుకుని రెప్పల సందులోంచి చూసింది. వీరలక్ష్మి ద్వారబంధం మీద చెయ్యి వేసి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. ఛాతీ నెమ్మదిగా పైకి లేస్తోంది, దిగుతోంది. శాపం పెడుతోందా? సాక్ష్యం గుర్తుపెట్టుకుంటోందా? కాపలా కాసేవాళ్ళు కళ్ళు మూసుకోరు కదా అన్న ఆలోచన వచ్చింది గానీ, వచ్చినదాన్ని హరిత నిలవనీయలేదు.

సోమవారం బోనాల సెలవు. నార్సింగి దారిలో డప్పుల మోత, వేపమండలు, తలల మీద బోనాలు. కారు ఆగి ఆగి కదిలింది. వెనక సీట్లో పాప, వీరలక్ష్మి ఉన్నారు. హరిత లోపల తన వాదన సిద్ధం చేసుకుంటూ ఉంది. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో, ఎక్కడ ఒప్పుకోవాలో, ఎక్కడ ఎదురు ప్రశ్న వేయాలో.

షెడ్డులో దుర్వాసన గుప్పుమంది. శ్యామ్ తాళ్ళు కోసి తోలు లాగేశాడు. కింద పిల్ల ఎర్రగా, సన్నగా, తడిగా ఉంది. ఇంకెవరిదో అన్నట్టే ఉంది. ఈసారి విక్స్ లేదు. ఎల్లేశం తాడు వదులుగా పట్టుకున్నాడు.

బిజిలీ వాసన చూసింది. చెవులు వెనక్కి అతుక్కుపోయాయి. కీచుమని అరిచి వెనక కాలు విసిరింది. పిల్ల బురదలో పడింది.

రసజ్ఞ ఏడుపు లంకించుకుంది. హరిత చేయి చాచింది, వీరలక్ష్మీ చేయి చాచింది. పాప ఎవరి దగ్గరికీ రాలేదు. కంచె కమ్మీనే కౌగిలించుకుని ఏడ్చింది.

"ఎవ్వరూ లోపలికి రాకున్రి. జర ఆగున్రి" అన్నాడు ఎల్లేశం.

పిల్ల లేచింది. బుద్ధి లేనట్టు మళ్ళీ అక్కడికే వెళ్ళింది. బిజిలీ పళ్ళు చూపించింది, కొరకలేదు. పొదుగు నిండి చనుమొనల పాలు బొట్లుగా కారుతున్నాయి. పిల్ల పక్కనుంచి మెడ చాచి అందుకుంది. గుర్రం వణికింది. కాలు ఎత్తింది. ఎత్తిన కాలు గాలిలో కాసేపు ఉంచి, కింద పెట్టింది. చెవులు మాత్రం వెనక్కే ఉన్నాయి. మొన్నటి గురగుర లేదు. నాకలేదు.

"ఒప్పుకునిందిలే మ్మే" అన్నాడు శివశంకర్ చెల్లెలితో.

"ఒప్పుకున్నదో లేదో దాన్నే అడగాలె సార్" అన్నాడు ఎల్లేశం. "పాలైతే ఇస్తున్నది. ఇయ్యాల్టికి గింత చాలు."

మగవాళ్ళు బకెట్లు ఎత్తుకుని అవతలికి వెళ్ళారు. పాప ఏడుపు ఆపి, తాగుతున్న పిల్లను చూస్తోంది. రేకు చూరు కింద హరిత, వీరలక్ష్మి మిగిలారు.

"సీసా నేనే నింపుతున్నాను" అంది వీరలక్ష్మి.

హరితకు సిద్ధం చేసుకున్న వాదనలో మొదటి మాట దొరకలేదు. "తెలుసు" అంది. "నన్ను పట్టుకోవడానికని తెలుసు."

"పట్టుకోవడమేంటి?"

"పాపని తీసుకెళ్ళడానికి. నేను మోసం చేశానని ఆయనకి చెప్పడానికి. రోజూ గుమ్మం దగ్గర కాపలా ఉంటున్నారు కదా."

వీరలక్ష్మి ఆమెను కొత్తగా చూసినట్టు చూసింది. "నీకంత ఆలోచన ఎలా వస్తుందమ్మా? నాకు రాలేదు. మొదట్లో పాప కోసమే అనుకున్నాను. ఎలాగోలా నిద్రపోతోంది, పోనీలే, నూనె అయిపోతే మళ్ళీ ఏడుస్తుంది అని కాచాను. తర్వాత..." ఆమె కంచె మీద పడ్డ వానచినుకులను అరచేత్తో తుడిచింది. "ఒకరోజు అటు వెళ్తుంటే ఆ నూనె వాసనకి కళ్ళు మూతపడ్డాయి, లోపల మా అమ్మాయి పడుకున్నట్టే అనిపించింది. కళ్ళు తెరిస్తే నువ్వు. అందుకని తెరవకుండా నిలబడేదాన్ని. రోజూ."

బిజిలీ తోక విదిలించింది. పిల్ల చప్పరింత వాన చప్పుడులో కలిసింది.

ఇన్నాళ్ళూ హరిత తనను తాను వేటాడే మనిషిగానో, వేటకు చిక్కిన మనిషిగానో ఊహించుకుంది. ఇప్పుడు చూస్తే వేరే సంగతి. పిల్లను పోగొట్టుకున్న తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పోయిన పిల్ల వాసన ఒంటికి పూసుకుని, ఆమె వేసే మంచి ముక్కలు తింటూ, అమ్మా అని పిలుస్తూ తిరిగింది తనే. జాలి కలగాల్సిన చోట కోపం వచ్చింది. "అంటే నా మెడ మీద మీ అమ్మాయిని బతికించుకున్నారు."

"అవును" అంది వీరలక్ష్మి. దాచలేదు. "నువ్వు కంచంలో చెయ్యి పెట్టగానే దాని చెయ్యిలా లేదే అనిపించేది. నూనె రాసుకున్నప్పుడు అనిపించేది కాదు. శనివారం ఆ తోలు చూశాక నా మీద నాకే రోత పుట్టింది. పొద్దున సీసా కడిగేశాను. ఇక కాచను."

"మరి పాప?"

"చూద్దాం."

అంతే అంది. ఆ ఒక్క మాట చాలు హరితకు. కారులో ఎక్కేసరికే కొత్త అనుమానం పాత అనుమానం చోట కూర్చుంది. శ్రావణం ఎంతో దూరంలో లేదు. సరిగ్గా ఇప్పుడే సీసా కడగడమెందుకు? పాప ఇవాళ ఏడ్చి తనను తోసేస్తే ఎవరికి లాభం? నిజం చెప్పడం కంటే నమ్మకమైన ఎత్తుగడ ఏముంటుంది?

ఇంటికొచ్చి అన్నం తిన్నాక పాప మంచమెక్కింది. అలవాటుగా కళ్ళు మూసుకుని హరిత మెడ దగ్గరికి వచ్చింది. వచ్చి ఆగింది. ఇంకొంచెం దూర్చి చూసింది.

"కాదు" అంది.

"ఏం కాదమ్మా?"

పాప అవతలికి తిరిగి "అమ్మమ్మా" అని పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది. హరిత గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు. వంటింట్లో కుళాయి పూర్తిగా తిప్పినట్టు నీళ్ళ మోత. గిన్నెలు అంత అవసరం లేకుండా ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయి. పాప ఏడుస్తూ కాళ్ళు తన్నింది. ఒక మడమ హరిత కడుపులో బలంగా తగిలింది. పట్టుకుని ఓదార్చాలని చేతులు లేచాయి. ఓదార్పు కూడా ఒక ఎత్తులాగే అనిపించి ఆగిపోయాయి. లేచి వెళ్ళిపోవాలనీ అనిపించింది. వెళ్ళలేదు. అలా పడుకునే ఉంది, తన్నులకు అందుబాటులో.

ఏడుపు అరిగిపోయాక పాప "నీళ్ళు" అంది. హరిత గ్లాసు పట్టుకుంది. పాప తాగి, మూతి ఆమె చేతికి తుడిచి, గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి రెండు పాదాలూ వెనక్కి జరిపి, తన్నిన చోటే ఆనించి ఉంచింది. చూడకుండానే. ఆ పాదాలు బరువెక్కేదాకా హరిత కదల్లేదు.

హాల్లోకి వచ్చేసరికి వీరలక్ష్మి నేలమీద సంచి తెరిచి బట్టలు సర్దుతోంది. హరిత చూపు సంచిలోకి పోయింది. చీరలు, జాకెట్లు, మందుల డబ్బా. పాప గౌన్లు అడుగున ఉన్నాయేమో.

"వెతక్కమ్మా. దానివన్నీ అల్మరాలోనే ఉన్నాయి" అంది వీరలక్ష్మి తలెత్తకుండా. "రేపు లింగంపల్లిలో బండెక్కుతాను. పాప ఇక్కడే ఉంటుందని వెంకట్‌కి ఫోన్లో చెప్పాను."

"శ్రావణం ఇంకా రాలేదు కదా. అది నన్ను తన్నింది. మీకు వినపడలేదా?"

"వినపడింది. తర్వాత ఊరుకోవడమూ వినపడింది. కుళాయి తిప్పినంత మాత్రాన చెవులు మూసుకుపోతాయా?"

"మరి మీరెందుకు వెళ్ళడం?"

"నేనిక్కడుంటే మళ్ళీ నూనె కాస్తాను."

ఆమె మోకాళ్ళ మీద చేతులు ఊని లేచి దగ్గరికొచ్చింది. ఏం చేయబోతుందో హరితకు అర్థమయ్యేలోపే ముందుకు వంగి ఆమె పాపిట దగ్గర ముక్కు పెట్టింది. హరిత ఊపిరి బిగబట్టింది. వీరలక్ష్మి ముఖంలో ఒక్క క్షణం ఏదో బిగుసుకుంది, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

"ఏం షాంపూ ఇది? చేదుమందులా ఉంది."

"చుండ్రుదమ్మా."

"బాలేదు" అంది వీరలక్ష్మి.

వెళ్ళి సంచి దగ్గరున్న నేత చీర ఒకటి తీసి విదిలించింది. "ఆ కొస పట్టుకో."

హరిత పట్టుకుంది. ఇద్దరూ హాలు అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు నిలబడి చీరను బిగించి లాగారు. మడత పెట్టడానికి దగ్గరికి రావాలి. వచ్చారు. అంచులు చేతులు మారాయి. మళ్ళీ దూరం జరిగారు, మళ్ళీ వచ్చారు. దగ్గరికి వచ్చిన ప్రతిసారీ వీరలక్ష్మి ఊపిరి ఆగుతోందా అని హరిత గమనించింది. ఆగినట్టే ఉంది. తన ఊపిరీ ఆగుతోంది కాబట్టి ఖాయంగా చెప్పలేకపోయింది.

చివరి మడత వీరలక్ష్మి ఆమె చేతుల్లోంచి తీసుకుని సంచిలో పెట్టింది.

"ఇంకోటుంది, ఉండు" అంది.